ఎర్ర పేలిక కట్టిన తుపాకీ

ఉదయం ఏడు ఇరవైకి రావలసిన కిరండూల్ పాసింజరు కొత్తవలసకి ఏడూ నలభైకి వచ్చింది. నేను ఆరున్నరకే స్టేషన్లో ఉన్నాను. ఇంకాసేపు ఇంట్లో ఉంటే మా అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టేది. "నాన్నా, ఆ తుపాకులన్నీ ఫోన్లో కనిపిస్తాయి. వాటికోసం పదకొండు గంటలు బండిలో కూర్చోవాలా?" అని రెండు రోజులుగా ఒకటే పాట.

కూర్చోవాలనే నా పట్టుదల. కిరండూల్ పక్కనే బచేలీ గనుల మెషిన్ షాపులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు పని చేసినవాణ్ణి. ఆయుధాల ప్రదర్శన ఎక్కడ పెట్టినా వెళ్ళి చూడటం నా అలవాటు. కాల్చడం మీద మోజు లేదు, పిచికను కూడా కొట్టి ఎరగను. ఒక మనిషి ఇనుప గొట్టాన్ని చేత్తో అంత తిన్నగా ఎలా తెచ్చాడా అని చూడటమే నా సరదా. అయితే ఈమధ్య చూసిన మూడూ నన్ను నిలువునా నీరుగార్చాయి. ఒకచోట అన్నీ ఫైబర్ బొమ్మలు. ఇంకోచోట తుపాకుల కంటే చిరుతిళ్ళ బళ్ళు ఎక్కువ. మూడోచోట తుపాకీ ముందు సెల్ఫీ కోసం పూల చట్రం కట్టారు. దంతెవాడది నాలుగోది. అడవి ఊళ్ళలో గొడవల రోజుల్లో దొరికిన నాటు తుపాకులు పెట్టారని పాత స్నేహితుడు ఫోను చేశాడు. ఇదీ అంతే అయితే ఇక ఈ జన్మకి ప్రదర్శనల జోలికి పోనని మా ఆవిడ ముందు ఒట్టు పెట్టి బయల్దేరాను. ఆవిడ సంతోషం చూస్తే ఇదీ అంతే కావాలని మొక్కుకున్నట్టే ఉంది.

అరకులో సగం పెట్టె దిగిపోయింది. కాళ్ళు చాపుకునే చోటు దొరికింది. ఎదుటి సీటులో ఒకావిడ, పక్కన రెండు ఆవకాయ జాడీలు. కిరండూల్ కాలనీలో ఉంటారట, భర్తది గనుల్లో ఉద్యోగం. అమ్మగారిల్లు రాజమండ్రి దగ్గర. కోరాపుట్‌లో రెండింటికి సమోసాలు తింటూ ఎక్కడికని అడిగారు. చెప్పాను.

"తుపాకులు చూడ్డానికా! అవి కంట పడకూడదనే కదండీ మేం ఇన్నేళ్ళూ కిటికీలు బిగించుకున్నది," అన్నారావిడ.

 నేనూ ఆ కాలనీల్లోనే బతికాను, నేనూ కిటికీలు వేసుకున్నాను. సమోసా మీద దృష్టి పెట్టాను.

జగదల్‌పూర్ అయిదింటికి, దంతెవాడ ఏడూ పదికి. స్టేషన్ నుంచి షేర్ ఆటోలో బజారుకొచ్చి గుడికి వెళ్ళే దారిలో లాడ్జిలో గది తీసుకున్నాను. అద్దె ఆరువందలు. ఫ్యాను తిరుగుతుంది, కుళాయిలో నీళ్ళు వస్తాయి. ఏప్రిల్ ఎండలకి అంతకంటే అడగడం అత్యాశ. కింద హోటల్లో రొట్టెలు, పప్పు తిని పడుకున్నాను.

మర్నాడు తొమ్మిదింటికి అటుకుల పోహా, టీ. ప్రదర్శన పెట్టిన మైదానం నడిచి పావుగంట. గేటు పది గంటలకి తీస్తారు. ప్రవేశం ఉచితం. సంచీ చూసి నీళ్ళ సీసా తీసి పక్కన పెట్టమంటారు, వచ్చేటప్పుడు ఇస్తారు. లోపల పెద్ద షామియానా, వరసగా గాజు పెట్టెలు. మొదటి మూడింటిలో ఫ్యాక్టరీ సరుకు. నేను ఆగలేదు. నాలుగో పెట్టెలో ఉంది నేను వెతుక్కుంటూ వచ్చింది. నాటు తుపాకీ, ఇక్కడ భర్మార్ అంటారు. గొట్టం మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించి పేల్చేది. గొట్టం ఎక్కడిదో పాత నీళ్ళ పైపు, కానీ దాన్ని సాగదీసి నున్నగా చేసినవాడి చెయ్యి మంచి చెయ్యి. ట్రిగ్గరు దగ్గర ఎర్ర గుడ్డ పేలిక ముడి వేసి ఉంది. కింద కార్డు మీద హిందీలో "దేశవాళీ తుపాకీ, సంప్రదాయ అలంకరణతో" అని రాశారు.

చూద్దామంటే ఒక ముసలాయన అడ్డం. పెట్టెకి ఒక చివర, సరిగ్గా తుపాకీ మూతి ఎదురుగా, గాజుకి వీపు ఆనించి నిలబడ్డాడు. భుజాన తువ్వాలు, చేతిలో టేకాకు పొట్లం. నేను మిగతావన్నీ ఒక చుట్టు చుట్టి పదకొండింటికి మళ్ళీ వచ్చాను. అక్కడే ఉన్నాడు, అంగుళం కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. హిందీలో జరగమన్నాను.

"జరగ," అన్నాడు తెలుగులో.

"తెలుగోడివా? ఏటి పెద్దాయనా, గంట నుంచి స్తంభంలా నిలబడ్డావు. మేం చూడొద్దేటి?"

"ఈడ నిలబడి సూడు సారూ, నా పక్కన. ఎదురుంగ మాత్రం రాకు."

అప్పుడే ఎక్కడిదో బడి పిల్లల గుంపు వచ్చింది. ముగ్గురు ఫోటో కోసం ఆ పెట్టె దగ్గరికే పరిగెత్తారు. ఈయన రెండు చేతులూ చాపి వాళ్ళని అటు తోలాడు, కోళ్ళని తోలినట్టు. టీచరమ్మ కోప్పడింది. ఈయన వినిపించుకోలేదు. పిల్లలు పోయాక నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"సారూ, అండ్ల మందున్నది. గుండున్నది."

నేను నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన పేరు లచ్చయ్య. ఉసూర్ అవతల అడవిలో ఊరు, దోర్లా తెగ రైతు. గొడవల రోజుల్లో ఊరు ఖాళీ అయితే నది దాటి చర్ల వైపు పోయి చాలా ఏళ్ళు మిరప కోతలతో బతికారట. తెలుగు అక్కడ గట్టిపడింది. ఇప్పుడు మళ్ళీ సొంత ఊరికి వచ్చి పొలం బాగు చేసుకున్నాడు. ప్రదర్శన ఫోటో ఎవరో ఫోన్లో చూపిస్తే ఆ తుపాకీని గుర్తుపట్టాడు.

"మా అయ్యది. పందులు మక్కచేను తొక్కుతున్నయని పొద్దుగూకేముందు నింపిండు. తెల్లారి మేం ఊరిడిసినం. తుపాకి అటకమీదనే ఉండిపాయె. ఎవలు తీసిన్రో, ఎట్ల ఈడికొచ్చిందో నాకెరక లేదు."

"నింపింది నింపినట్టే ఉందని నీకెలా తెలుసు?"

ఆయన గాజులోంచి ఎర్ర పేలిక చూపించాడు. వాళ్ళ ఊళ్ళో తుపాకీ నింపగానే పేలిక కడతారు. పేల్చాకే విప్పుతారు. ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ పేలిక చూస్తే దాని దగ్గరికి పోరు. "అయ్య కట్టిన ముడి అది. మా అమ్మ చీర పేలిక. విప్పినోళ్ళు లేరు, పేల్చినోళ్ళు లేరు," అన్నాడు.

 కార్డు మళ్ళీ చదివాను. సంప్రదాయ అలంకరణ!

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల జెప్పాలె? మా అయ్యదంటే లైసెన్సేదంటరు. కేసు పెడ్తరు గద? ఇత్తుల పండగ దగ్గరికొచ్చె. నేను జైల్ల కూసుంటే పొలం ఎవలు జేస్తరు?"

అప్పుడు పొట్లం సంగతి చెప్పాడు. విత్తనాలు చల్లే ముందు వాళ్ళు పండగ చేస్తారు. విత్తనాన్ని ఇంటి వేట ఆయుధానికి తాకించి అప్పుడు నేలలో వేస్తారు. తుపాకీ పోయినప్పట్నించీ రోకలికి తాకిస్తున్నారట. అది ఆయనకి నచ్చలేదు. గాజు పెట్టెలో అయితేనేం, ఒక్కసారి తాకించుకుని పోదామని మూడు బస్సులు మారి వచ్చాడు. వచ్చి చూస్తే పేలిక. గేటు తీసినప్పట్నించీ మూతికి అడ్డం నిలబడ్డాడు. ఆ గాజు గుండుని ఆపదని ఆయనకి తెలుసు. తన వీపు ఆపుతుందనుకున్నాడు.

"సాయంత్రం దాకా నిలబడతావు సరే. రేపు?"

లచ్చయ్య పొట్లం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత, "సరే సారూ, చెప్తం. నువ్వీడ నిలబడు, నేను పోయొస్త," అన్నాడు.

నేను నిలబడ్డాను. అబద్ధమెందుకు, మూతికి ఎదురుగా కాదు, ఒక పక్కగా చేతులు చాపి నిలబడ్డాను. అయిదు నిమిషాల్లో ఆయన పోలీసు హవల్దారుని వెంటబెట్టుకొచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, ప్రదర్శన బాధ్యత ఆయనదే. హిందీలో నేను అందుకున్నాను. ఆయన మర్యాదగానే విన్నాడు. సుత్తి ఎత్తి చూశామనీ, కింద నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ లేదనీ, టోపీ లేకపోతే నిప్పు పుట్టదనీ, ఖాళీదేననీ అన్నాడు. టోపీ వరకు ఆ మాటలో తప్పు లేదు, కానీ టోపీ లేనంత మాత్రాన గొట్టం ఖాళీ అని కాదు. ఇప్పటి తుపాకీ అయితే వెనక తెరిచి చూస్తారు. దీనికి వెనక తలుపు లేదు. లోపల ఏముందో మూతిలోంచి కడ్డీ పెట్టి చూసినవాడికే తెలుస్తుంది.

"ఇతనికెలా తెలుసు?" అన్నాడు హవల్దారు.

 వాళ్ళ వైపు ఇలాంటివి వాడతారండీ, అందుకని, అని ఏదో అల్లబోయాను. లచ్చయ్యకి హిందీ నేననుకున్నదానికంటే ఎక్కువే వచ్చు. నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపాడు.

"మేరే బాప్ కా హై," అన్నాడు. మా నాన్నది.

హవల్దారు ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. ఇంతలో ఆ బడి పిల్లలు మళ్ళీ ఇటే వస్తున్నారు. లచ్చయ్య మాట ఆపేసి వెళ్ళి మూతి ముందు నిలబడ్డాడు, మళ్ళీ అదే చోట. అది చూశాకే హవల్దారు మొహం మారింది. ఈల వేసి షామియానా ఆ వైపంతా ఖాళీ చేయించాడు.

పన్నెండున్నరకి మైదానం వెనక, ఇసుక బస్తాలు పేర్చిన చోట పెట్టె తెరిచారు. ఆయుధాలు చూసే కుర్ర మెకానిక్కు, ఫిట్టర్నని చెప్పి చేరిన నేను, హవల్దారు, నాలుగడుగుల వెనక లచ్చయ్య. దట్టించే కడ్డీని ముందు గొట్టం బయట ఆనించి పొడవు గుర్తు పెట్టాం. తర్వాత లోపలికి దించాం. గుర్తు మూతికి ఇంకా నాలుగు వేళ్ళ పైన ఉండగానే ఆగిపోయింది.

లోపల ఏదో ఉంది. మెకానిక్కు వెళ్ళి నీళ్ళ బకెట్టు తెచ్చాడు.

మూతిలోంచి నీళ్ళు పోసి అరగంట నాననిచ్చాం. మెకానిక్కు పెట్టెలో ఒక మరమేకు దొరికితే దాన్ని కడ్డీ చివర బిగించాను. ముప్పై ఏళ్ళ ఫిట్టరు పని ఆ రోజుకి అక్కరకొచ్చింది. మెల్లగా తిప్పి లాగితే ముందు గుడ్డ వచ్చింది. దాని వెనక సీసం ముక్కలు, తర్వాత నల్లటి బురద. గొట్టం కడిగి మళ్ళీ కొలిస్తే కడ్డీ గుర్తు దాకా దిగింది. ఖాళీ.

లచ్చయ్య వచ్చి పేలిక ముడి తనే విప్పాడు. ఖాళీ తుపాకీకి అది ఉండకూడదన్నాడు. హవల్దారు జాబితా తీసి, గుడ్డ తుపాకీతో పాటు రాసి ఉంది, ఇవ్వడానికి కుదరదన్నాడు. విప్పి పక్కన పెట్టడానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఒక కాగితం మీద ఏదో రాసి లచ్చయ్య పేరు, ఊరు అడిగాడు. ఆయన రెండూ చెప్పాడు. కాగితం నేను చదివి వినిపించాను. "సమాచారం ఇచ్చినవాడు" అని ఉంది, అంతకుమించి లేదు. ఆయన వేలిముద్ర వేశాడు, నేను సాక్షి సంతకం చేశాను. లచ్చయ్య ఊపిరి వదలడం నాకు పక్కనుంచి తెలిసింది.

తర్వాత పొట్లం చూపించి అడిగాడు. హవల్దారు ఒక నిమిషం ఆలోచించి అటు తిరిగి ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. లచ్చయ్య టేకాకు విప్పి తుపాకీ చెక్క మీద ఆనించాడు. లోపల వడ్లు, సామలు. వాళ్ళ మాటలో ఏదో చెప్పుకున్నాడు. నాకు అర్థమయింది ఒక్కటే, అయ్యా అన్న మాట. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

లేవబోతూ ఆయన కింద చూశాడు. గొట్టంలోంచి లాగిన గుడ్డ ఇసుకలో పడి ఉంది. మందు నలుపు అంటినా అంచు ఎరుపు తెలుస్తోంది, అదే చీర. ఏళ్ళ తరబడి గొట్టంలో వాళ్ళ నాన్న దట్టించినచోటే ఉంది.

"ఇది?" అన్నాడు.

హవల్దారు జాబితా పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశాడు. "ఇది ఇందులో లేదు. లేని వస్తువుని నేనెలా పెట్టుకోను? తీసుకెళ్ళు," అన్నాడు.

లచ్చయ్య దాన్ని నీళ్ళలో జాడించి పిండుకుని విత్తనాలు అందులో మూట కట్టుకున్నాడు. టేకాకు నాకిచ్చాడు, అడుగున గుప్పెడు సామలు ఉంచి. రెండింటికి ఆయన ఊరి వైపు పోయే బీజాపూర్ బస్సు. ఎక్కించడానికి స్టాండు దాకా వెళ్ళాను. కిటికీలోంచి, "తుపాకి తాకిన ఇత్తనం అమ్మద్దు సారూ, సల్లుకోవాలె," అని మరీ మరీ చెప్పాడు.

మర్నాడు ఉదయం ఏడూ ఇరవైకి దంతెవాడలో తిరుగు పాసింజరు ఎక్కాను. జగదల్‌పూర్ దాటాక అమ్మాయి ఫోను చేసింది. ఎలా ఉంది నాన్నా, ఫోటో పంపు అంది. తియ్యలేదన్నాను. నవ్వింది. తీసి ఉంటే ఏం కనిపించేది? అందమైన ఎర్ర గుడ్డ కట్టిన పాత తుపాకీ. వాళ్ళు కార్డు మీద రాసుకున్నదే నేనూ నమ్మి, బాగుందని నలుగురికీ పంపేవాణ్ణి.

కాబట్టి వెళ్ళదగ్గదేనా అని అడిగేవాళ్ళకి నా మాట ఇది. నా ఒట్టు నేను గట్టున పెట్టేశాను, అయిదోదానికీ వెళ్తాను. మీరూ వెళ్ళండి. కార్డు తర్వాత చదవచ్చు, ముందు ఆ వస్తువుతో బతికినవాళ్ళెవరైనా చుట్టుపక్కల ఉన్నారేమో చూడండి. అడ్డంగా నిలబడితే విసుక్కోకండి.

దంతెవాడ ప్రదర్శన నెలాఖరు దాకా ఉంటుంది. గేటు పది గంటలకి. నాటు తుపాకీ నాలుగో గాజు పెట్టెలో ఉంది. పేలిక పక్కన విడిగా పెట్టి ఉంటుంది. ఇప్పుడు దాని ఎదురుగా పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీసుకోవచ్చు.