హమ్మాద్ అన్న కాపీ తీయని ఆట

హమ్మాద్ అన్న జిరాక్సు దుకాణంలో మధ్యాహ్నం రెండు దాటితే కాలం మందగిస్తుంది. యూనివర్సిటీ దగ్గరి కేయూ క్రాస్ రోడ్డు మీది బస్సుల చప్పుడు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఫ్యాను గాలికి థీసిసుల అట్టలు కొద్దిగా లేచి మళ్లీ పడుకుంటాయి. వేడెక్కిన కాగితం వాసనకు నిద్ర ముంచుకొస్తుంది. ఎం.ఏ. తెలుగు చివరి సంవత్సరంలో ప్రాజెక్టు టైపు చేయించుకోవడానికి వెళ్లి, ఒక వానాకాలమంతా నేను ఆ దుకాణంలోనే ఉండిపోయాను.

హమ్మాద్ అన్నకు నలభై ఆరేళ్లు. సన్నని మనిషి, గొంతు కూడా సన్నగానే ఉంటుంది. ఊరు వర్ధన్నపేట. పంతొమ్మిదేళ్లుగా తెలుగు టైపింగే బతుకు. వందకు పైగా థీసిసులు ఆయన వేళ్ల మీదుగా వెళ్లాయి. వాటిని చదువుతానని ఎవరికీ చెప్పడు. కానీ ఒకరోజు, నా రెండో అధ్యాయంలో అన్న మాటకు నాలుగో అధ్యాయంలో అన్న మాట పొసగడం లేదని, ఒకసారి చూసుకొమ్మని నెమ్మదిగా చెప్పాడు. ఇంటికి వెళ్లి చూస్తే నిజమే.

ఆ దుకాణంలో ఒక నియమం ఉంది. ఎవరి ఫైలైనా మూడు కాపీలు ఉండాలి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి మేకుకు వేలాడే పెన్ డ్రైవులో, మూడోది ఈమెయిల్లో. చాలా ఏళ్ల క్రితం కంప్యూటరు పాడై ఒకావిడ మూడేళ్ల పరిశోధన పోయిందట. ఆమె తిట్టలేదట, ఏడవలేదట. దుకాణం మెట్టు మీద సాయంత్రం దాకా అలా కూర్చుందట. అప్పటి నుంచి మూడు కాపీలు తీయకుండా ఆయన ఎవరినీ పంపడు. నాకూ ఆ అలవాటు అంటింది. టీ తాగడానికి లేచినా మూడు చోట్ల దాచి లేచేదాన్ని.

ఆయన కాపీ తీయనిది ఒక్కటే. దాని పేరు సొరంగం. అంటే ఆయన పెట్టుకున్న పేరు. ఎప్పుడో ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో దొరికిన ఆట అది. బొమ్మలుండవు. నల్లని తెర మీద చుక్కలూ గీతలూ అక్షరాలూ అంతే. ఈమెయిలు చిరునామా మధ్యలో వచ్చే ఆ చుట్టు గుర్తే మనం. చుక్కలు నేల. ఇంగ్లీషు చిన్న ఆర్ ఎలుక, పెద్ద డి రెక్కల పాము. ఇరవై ఆరు అంతస్తులు కిందికి దిగాలి. చివరి అంతస్తులో ఒక దీపం ఉంటుందట. మొదలుపెట్టిన ప్రతిసారీ సొరంగం కొత్తగా పుడుతుంది, నిన్నటి దారి ఇవాళ ఉండదు. చనిపోతే అంతే. ఎక్కడిదాకా దిగామో దాచిన ఫైలును ఆట తానే చెరిపేసుకుంటుంది. పదిహేడేళ్లలో హమ్మాద్ అన్న ఆ దీపాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన వెళ్లగలిగిన లోతు పంతొమ్మిదో అంతస్తు.

గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నేను ఆయన భుజం వెనక నిలబడి చూసేదాన్ని. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. వారం తర్వాత చుక్కలు తడి రాళ్లయ్యాయి. గీతలు గోడలయ్యాయి. ఒకరోజు తెర మూలన ఒంటరిగా ఒక పెద్ద డి కనిపించింది. ఒకడుగు వెనక్కి వేశాను. చదవడం వచ్చిన ఎవరికైనా తెలిసే భయమే అది. అక్షరం చూపించేది తక్కువ, మిగతాదంతా మన లోపలి నుంచే లేస్తుంది.

ఇంజినీరింగ్ చదివే సాయితేజకు ఇదంతా నవ్వులాట. ప్రాజెక్టు రిపోర్టు బైండింగుకు వచ్చి లాప్‌టాప్ తెరిచి తన ఆట చూపించేవాడు. మబ్బులు కదిలే ఆకాశం, గాలికి ఊగే గడ్డి, మెరిసే కవచంలో వీరుడు. చూడ్డానికి నిజంగా కలలా ఉండేది.

"నీ మనిషికి మొఖం కూడ లేదు గదన్నా," అన్నాడొకసారి. "నా హీరోను చూడు. ఎనభై గంటలాడిన. అరవయ్యో లెవెల్."

"చచ్చిపోతే?"

"చస్తే ఏమైతది? వెనకటి సేవ్ తెరుస్త."

"మరి ఆ ఎనభై గంటల్ల నీ హీరో బలం నేర్చిండు. నువ్వేం నేర్చినవ్ తమ్మీ?"

సాయితేజ నవ్వి, ముసలోళ్ల ఆటలు ముసలోళ్లకే అని అప్పటికి తప్పించుకున్నాడు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. సాయితేజ ఆటలో లోకమంతా వీరుడి కోసమే ఎదురుచూస్తుంది. ఊళ్లోవాళ్లు ఎన్నిసార్లు పలకరించినా అదే మాట చెబుతారు. ఎటు వెళ్లాలో బాణం గుర్తు చూపిస్తుంది. సొరంగంలో మన కోసం ఎవరూ ఎదురుచూడరు. లోపలి మనిషి చచ్చిన ప్రతిసారీ వట్టి చేతులతో పుడతాడు. మిగిలేది బయట కుర్చీలో కూర్చున్నవాడికి తెలిసిందొక్కటే.

హమ్మాద్ అన్న దీన్నే తన నాన్న కథగా చెప్పాడు. ఫకీర్ మహమ్మద్ ములుగు నుంచి మేడారం దాకా జీపు నడిపేవాడు. వానలు తగ్గాక వాగు దాటే చోటు ఏటేటా మారేది. పోయిన ఏడాది రాయి పెట్టి గుర్తు చేసుకున్నవాడు ఈ ఏడాది మునిగేవాడు. వాళ్ల నాన్న రాళ్లను గుర్తుపెట్టుకోలేదట, దిగి నీళ్ల నడక చూసేవాడట. "దారి యాదికుంటే ఏం లాభం చెల్లె? అది పొయిన దారి," అన్నాడు.

ఆ శ్రావణంలో అనుకోనిది జరిగింది. ఆయన మనిషి ఇరవయ్యో అంతస్తు దాటాడు. రోజుకు అరగంట, ముప్పావు గంట. గిరాకీ రాగానే ఆటను అక్కడికి సేవ్ చేసి మూసేయడం, వాళ్లు వెళ్లాక మళ్లీ తెరవడం. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఒక్కో అడుగు ముందు వేళ్లు కీబోర్డు పైన గాల్లో ఆగి ఉండేవి. ఇంట్లో కూడా ఇదే ధ్యాసట. అన్నం డబ్బా తెచ్చిన మెహరున్నీసా వదిన కౌంటరు మీద మోచేతులు పెట్టి నాతో చెప్పింది: "బిడ్డకు జ్వరమొస్తే కూడ గింత ఫికర్ చెయ్యలే. రాత్రి నిద్రల మెట్లు దిగుతాండు ఈయన."

ఆయన సిగ్గుపడి తలదించుకున్నాడు. ఒక్కసారి ఆ దీపం చూస్తే చాలని, ఆ తర్వాత ఆట మానేసినా సరేనని ఆమె వెళ్లాక నాతో అన్నాడు.

నాకూ నిద్ర పట్టేది కాదు. ఆ వారమంతా ముసురు. కరెంటు వస్తూ పోతూ ఉంది. కంప్యూటరు ఫ్యాను దగ్గుతోంది. శుక్రవారం ఆయన నమాజుకు వెళ్తూ, దుకాణం చూస్తుండమని, నా అధ్యాయాలు మూడు చోట్ల దాచుకొమ్మని చెప్పాడు. దాచాను. ఆ తర్వాత నా చెయ్యి ఆగలేదు. సొరంగం అని పేరున్న ఫోల్డరును కూడా నా పెన్ డ్రైవులోకి లాగాను. ఇరవై ఐదో అంతస్తులో, ఊపిరితో ఉన్న మనిషి. దొంగతనం అనిపించలేదు. అక్కడ నేర్చుకున్న పని చేశాననే అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఆ మనిషి చచ్చిపోయాడు.

ఇరవై ఆరుకు దిగే మెట్లు కనిపిస్తున్నాయి. పది పన్నెండు చుక్కల దూరం. అతని సంచిలో ఎన్నడూ విప్పని కాగితం చుట్ట ఒకటి ఉంది. అందులో ఏ మంత్రముందో చదివితేగానీ తెలియదు. తెలియని కాగితం లోతుల్లో విప్పొద్దని నాకు నేర్పింది హమ్మాద్ అన్నే. కానీ పంతొమ్మిదేళ్లు చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ చదివిన మనిషి. చివరి అంతస్తుకు ముందు దాన్ని చదవకుండా ఉండలేకపోయాడు. అది ఆ అంతస్తులోని జంతువులన్నిటినీ పిలిచే మంత్రం. నాలుగు వైపులా పెద్ద అక్షరాలు చేరాయి. ఏడు అడుగులు పోరాడాడు. తెర మీద సమాధి రాయి గీతల్లో లేచింది.

హమ్మాద్ అన్న కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఒకమ్మాయి ఆధార్ కార్డు జిరాక్సుకు వస్తే లేచి తీసిచ్చాడు. అయిదు రూపాయలు డబ్బాలో వేసి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాను. నా దగ్గర కాపీ ఉందని, శుక్రవారం నాటిదని, తప్పయితే క్షమించమని. ఆయన నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం చాచాడు.

పెన్ డ్రైవు పెట్టి తెరిచాడు. సమాధి రాయి పోయింది. ఇరవై ఐదో అంతస్తు, చుక్కల మధ్య అదే మనిషి, నిండు ప్రాణంతో. కాగితం చుట్ట సంచిలో అలాగే ఉంది. హమ్మాద్ అన్న ఆ చుట్టను నేల మీద పడేసి నడక సాగించాడు. ఏ మూలన ఏముందో ఆయనకు ముందే తెలుసు. ఎదురొచ్చిన వాటిని పక్కదారుల్లో తప్పించుకుంటూ, ఒక్కచోట కూడా వేళ్లు ఆగకుండా, నేరుగా మెట్ల దాకా వెళ్లాడు. ఇంకొక్క మీట నొక్కితే ఇరవై ఆరు.

నొక్కలేదు.

"చివరిది చూడాలనుందా చెల్లె?"

"ఉందన్నా."

"నాకు కూడ." వేలు మీట మీంచి తీశాడు. "కానీ వచ్చేటప్పుడు జర కూడ భయం కాలే. మా వాడు పొయిండు. ఈడు వాని జిరాక్సు."

గొంతులో కోపం లేదు. నన్ను ఓదార్చడానికి అన్నట్టూ లేదు. ఆయన చేత్తో రోజూ తీసే వస్తువు గురించి చెప్పినట్టే చెప్పాడు. తర్వాత ఫైలు చెరిపాడు. నా పెన్ డ్రైవులోదీ చెరపమని నన్నే అడిగాడు. చెరిపాను. చెరుపుతుంటే ఏడుపొచ్చింది. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. ఒక అడుగు దూరంలో వదిలేసిన పదిహేడేళ్లు అవి.

బయట వాన మళ్లీ మొదలైంది. రోడ్డు మీద గొడుగులు నిదానంగా కదులుతున్నాయి. ఆయన కొత్త ఆట తెరిచి, లేచి, కుర్చీ నా వైపు జరిపాడు. ఆడటం రాదన్నాను. చూడటమొచ్చింది కదా, కూర్చొమ్మన్నాడు. లోపలి మనిషికి పేరేమిటని తెర అడిగితే నా పేరే కొట్టాను.

నల్లని తెర మీద ఆరు చుక్కల నేల వెలిగింది. చేతిలో చిన్న కత్తి, సంచిలో ఒక రొట్టె. కుడివైపు చీకటిలోకి మలుపు ఉంది. ఒకడుగు వేశాను. వేళ్లు వాటంతటవే గాల్లో ఆగిపోయాయి. అటు ఏముందన్నా అని అడిగాను.

"నాకేం తెలుసు," అన్నాడు హమ్మాద్ అన్న, నా భుజం వెనక నిలబడి ముందుకు వంగి. "ఎవ్వలు చూడలే ఇంక. నడువు."