మినిట్స్‌లో లేని అభ్యంతరం

సముద్రం పక్కనున్న మా వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో అందరూ క్లర్క్‌గారూ అని పిలిచే పెద్దాయన మంగళవారం పొద్దున పోయారు. నేనుండే రిక్కార్టన్ నుంచి బస్సెక్కి డ్యూటీకి చేరేసరికి పక్కబట్టలు కూడా తీసేశారు. ఏడుపు కన్నా ముందు నాకు కోపమొచ్చింది. అది నా మీదే.

ఇంగ్లండులో సముద్రపు గట్టు మీది పాత ఊరు ఆయనది. ఒకప్పుడు పెద్ద రేవట. కెరటాలు ఒక్కో వీధినీ కోసేస్తూ వచ్చాయి. మన పంచాయతీ లాంటి ఊరి కౌన్సిల్లో ఆయన ముప్పయ్యేళ్లు క్లర్కు. కూతురి కోసం న్యూజిలాండ్ వచ్చినా ఆ బుద్ధి పోలేదు. పుడింగ్ మార్చాలన్నా, "ప్రతిపాదించేదెవరు? బలపరిచేదెవరు?" అనేవారు.

"మీ మీటింగయ్యేలోపు కస్టర్డ్ చల్లారిపోద్ది అంకుల్, తినండి!" అని కసిరేదాన్ని.

తన గురించి నేను రాసే షిఫ్ట్ నోట్సు చదివించుకుని మరీ తప్పులు దిద్దేవారు. "రాయనిది జరగనట్టే, అమ్మాయ్" అనేవారు. నాకు పని నేర్పింది ఆయనే.

ఒకరోజు స్నానం చేయిస్తుంటే చెప్పారు. అలల్ని ఆపే సముద్రపు గోడకు ఇక మరమ్మతులు వద్దని కౌన్సిల్ తీర్మానించిన రోజున, గట్టు చివర ఒంటరిగా ఉండే పెద్దావిడ లేచి "మరి నా ఇల్లు?" అందట. అప్పటికే అధ్యక్షుడు సమావేశం ముగిసిందనేశాడు.

"ముగిశాక అన్న మాట సమావేశపు మినిట్స్‌లో రాయకూడదు. అభ్యంతరాలు లేవని రాశాను" అన్నారు.

రెండు చలికాలాల తర్వాత ఆ ఇల్లు గట్టుతో సహా జారిపోయింది. ఆవిడ లోపలే ఉంది.

ఆ మాట ఇప్పుడైనా చేర్చమని ఆ కౌన్సిల్‌కి నాచేత ఉత్తరం రాయించారు. ఆమోదించిన మినిట్స్ మార్చడం కుదరదని జవాబొచ్చింది.

"వీళ్లు మనుషులేనా?" అని మండిపడ్డాను.

"సరిగ్గానే రాశారు. నేనున్నా అదే రాసేవాణ్ణి" అన్నారు. ఆ రోజు నుంచి తిండి తగ్గిపోయింది.

సోమవారం సాయంత్రం నేను కోటు వేసుకుంటుంటే పిలిచారు. "కిటికీ తెరువమ్మాయ్. సముద్రం వినాలనుంది."

"నా డ్యూటీ అయిపోయిందంకుల్. బస్సెళ్లిపోద్ది. వచ్చేవాళ్లకి చెప్పండి" అని వచ్చేశాను. నోట్సు అప్పటికే రాసేశాను. ప్రశాంతంగా ఉన్నారు, ఏమీ అడగలేదు అని.

మా నోట్సులో ఆలస్యంగా చేర్చడానికి వీలుంది. మంగళవారం కూర్చుని రాశాను: "కిటికీ తెరవమని అడిగారు. నేను తెరవలేదు." కింద సంతకం పెట్టాను.

తర్వాత ఆయన గదికి వెళ్లి కిటికీ తెరిచాను. వట్టి పరుపు మీదికి అలల చప్పుడు వచ్చింది.