మూడు లంగల మేనత్త

మొన్న కరీంనగర్‌లో ఒక పెళ్లిలో, దూరపు చుట్టం ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "ఎంత స్లిమ్ అయినవక్కా! ఏం డైట్ చేస్తున్నవ్?" అని అడిగింది. నాకు మా మేనత్త గుర్తొచ్చి పందిట్లోనే నవ్వొచ్చింది.

మేనత్త కాపురం మందమర్రిలో. మామది బొగ్గుబాయిలో కొలువు. బొద్దుగా ఉండే మేనత్త, షుగర్ వచ్చాక చూస్తుండగానే సగమైంది. ఆ ఎనభైల్లో మా వైపు ఆడమనిషి ఒళ్లు చేస్తే "మంచిగైనవ్" అని మెచ్చుకునేవాళ్లు. చిక్కితే మాత్రం నేరం మొగుడిదే. ఒకసారి ఆ ఇద్దరూ మెట్‌పల్లిలో మా ఇంటికొస్తే, వాడకట్టు ముసలవ్వ మామ ముందే అడిగేసింది: "ఏందే, గింత బక్కగైనవ్? గీయన నీకు బువ్వ పెడ్తలేడా?" మేనత్తకు తన చేత్తో జొన్నరొట్టె చేసిపెట్టే మనిషి మామ. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ శుభకార్యానికీ రాలేదు.

అక్క పెళ్లికి మాత్రం మేనత్త ఆయన్ను బతిమాలి తీసుకొచ్చింది. వచ్చీరాగానే గదికి గడియపెట్టి, నాచేత ఒకదానిమీద ఒకటి మూడు లంగలు కట్టించుకుంది. పైన పట్టుచీర. నడి ఎండాకాలం. బయటికొచ్చేసరికి, నిజం చెప్పొద్దూ, వడ్ల బస్తాలా నిండుగా ఉంది. "మంచిగైనవ్ బిడ్డా!" అని ముసలవ్వ మురిసిపోయింది. మామ మీసం సర్దుకున్నాడు.

చిక్కు భోజనాల దగ్గరొచ్చింది. "షుగర్ బీమారన్నరు, పోయింది గద, తిను! మల్ల బక్కగైతవ్" అంటూ ముసలవ్వ మేనత్త విస్తట్లో లడ్డూ మీద లడ్డూ వేసింది. వద్దంటే గుట్టు బయటపడుతుంది, తింటే ప్రాణం మీదికొస్తుంది. చివరికి ముసలవ్వే ఒకటి మేనత్త నోటిదాకా తెచ్చి కుక్కబోయింది. ఎదురు వరసలో మామ మొహం పాలిపోయింది. అది చూసి మేనత్త దిగ్గున లేచి, కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, మూడు లంగల అంచులూ చూపించింది.

"అవ్వా, గిది ఒళ్లు గాదు, లంగలు! నాకు షుగర్ పోలే. గీయన రొట్టె జేసి పెడ్తుండు గాబట్టే జర గీ మాత్రమన్న ఉన్న. ఇంకోపాలి ఆయన్నేమన్న అంటివా, గీ లడ్లు నీ నెత్తి మీదనే కొడ్త!"

పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. ముసలవ్వ కూడా కడుపు పట్టుకుని నవ్వి, ఆ లడ్డూలన్నీ తీసుకెళ్లి మామ విస్తట్లో వేసింది. కండువాతో కళ్లు తుడుచుకుంటూ మామ ఒక్కటీ వదలకుండా తిన్నాడు.

మేనత్త ఇప్పుడు లేదు. ఆమె షుగర్ నాకొచ్చింది. "డైట్ గాదు, షుగర్" అన్నాను ఆ చుట్టంతో. ఆమె దగ్గరికి జరిగి, "అయితే ఏం గోలీలు వాడుతున్నవక్కా?" అని ఆశగా అడిగింది. చిక్కితే అప్పుడు జాలి, ఇప్పుడు అసూయ. ఇన్నేళ్లలో కాలం తన చూపు మార్చుకుంది గానీ, ముందుగా "పానం ఎట్లున్నది?" అని అడగడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.