అత్తయ్య చెప్పిన ఆఖరి రీలు

ప్రతి ఆదివారం నేను స్నేహితుల గుంపుకి ఫోన్‌లో ఒక సినిమా చెబుతుంటాను. వంద రోజులు ఆడినవి, ఊరంతా పోస్టర్లు పడ్డవి నా దగ్గర దొరకవు. వారం తిరక్కుండానే హాలు ఖాళీ చేసి వెళ్ళిపోయినవి, పేరు చెబితే "అలాంటిది ఒకటుందా?" అని మొహం పెట్టించేవి, అవే నా సరుకు. వాటిల్లో నేను చూడకుండా చెప్పింది ఒక్కటే ఉంది, 'లాంతరు రేవు'. చూడలేదని, మా రాజ్యం అత్తయ్య నోట విన్నానని ముందే చెప్పాను. అయినా గుంపులోవాళ్ళు ఊరుకుంటేనా! "ఎక్కడ దొరుకుతుందండీ?" అని ఏళ్ళ తరబడి నా ప్రాణం తీశారు. పోయిన నెల తెనాలిలో ఒక వీడియో షాపాయన దగ్గర పాత టేపు ఉందని తెలిసింది. ఈ ప్రయాణం దానికోసమే.

రాజ్యం అత్తయ్య మా నాన్న చెల్లెలు, ఉండేది రేపల్లెలో. నా చిన్నప్పటి వేసవి సెలవులన్నీ ఆవిడ అరుగు మీదే గడిచాయి. ఆ వీధి ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. రేపల్లెకి రాని సినిమా తెనాలిలో ఆడుతోందంటే అందరూ ఇల్లు వదిలి వెళ్ళడం అయ్యే పని కాదు. అందుకని తలా కాస్త వేసుకుని అత్తయ్య ఒక్కదాన్నే పంపేవాళ్ళు. ఆవిడ పొద్దున రైలెక్కి, మ్యాట్నీ చూసి, సాయంత్రం రైలుకి దిగేది. దీపాలు పెట్టే వేళకి వీధంతా మా అరుగు మీదే ఉండేది. పేర్లు పడటం దగ్గర్నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పేది. పాటలు పాడేది, ఫైటింగులు చేతులతో చూపించేది. సగంలో ఆపి "ఇంటర్వెల్" అంటే అందరూ లేచి మంచినీళ్ళు తాగి రావాల్సిందే. దాహం లేదంటే ఒప్పుకునేది కాదు.

'లాంతరు రేవు' అలాగే విన్నాను. నాకప్పుడు పదేళ్ళు. కృష్ణ ఒడ్డున ఒక పల్లె, అందులో గౌరి అనే అమ్మాయి. సాయంత్రానికి వచ్చేస్తానని మొగుడు బల్లకట్టెక్కి అవతలి ఒడ్డుకి వెళతాడు. రాడు. ఆ పిల్ల రోజూ పొద్దుగూకేసరికి రేవులో లాంతరెత్తి పట్టుకుని నిలబడుతుంది. ఏళ్ళు గడిచిపోతాయి. చివరికి ఒక సాయంత్రం లాంతరు బల్లకట్టువాడి చేతిలో పెట్టి, తనే ఎక్కి అవతలి ఒడ్డుకి పోయి, ఇడ్లీ కొట్టు పెట్టుకుంటుంది. "మరి మొగుడు కనిపించాడా?" అని మేమడిగితే అత్తయ్య, "వాడి సంగతి ఎవరిక్కావాలే? ఇడ్లీలు మెత్తగా వచ్చాయా లేదా అడగండి" అంది. ఆ ముగింపు కోసమే నేనా సినిమాని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను.

ఆ రోజు అరుగు చివర స్తంభానికి ఆనుకుని, గుండీలు కుట్టుకుంటూ విన్న మనిషి ఇంకొకరున్నారు. పక్కింటి ఫాతిమా పిన్ని. భర్త బొంబాయిలో పనికెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని కబురొచ్చాక అన్నగారింట్లో ఉండేది. ఆవిడ నవ్వగా మేమెవరమూ చూడలేదు. ఆ కథ విన్న నెల్లాళ్ళకి కుట్టుమిషను బస్సు మీద వేయించుకుని బాపట్ల వెళ్ళిపోయి కొట్టు పెట్టుకుంది. ఇప్పటికీ అక్కడే కుడుతోంది. టేపు దొరికిందని తెలియగానే సంతోషం పట్టలేక ముందు ఆవిడకే ఫోన్ చేశాను. "తీసుకురా బుజ్జీ, ఆ మధ్యాహ్నం కొట్టు మూసేస్తాను" అంది. నేనింకా చూడని సినిమాని ఆవిడకి చూపిస్తానని మాటిచ్చేశాను. తొందరపాటు నాకు పుట్టుకతోనే వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం, విజయవాడలో ఆరున్నర రైలెక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను, కిటికీ సీటు కావాలంటే ఇంకాస్త ముందే రావాలి. నాకు దొరకలేదు. నా సీటుకెదురుగా రిటైరైన కరెంటు లైన్‌మన్ ఒకాయన కూర్చున్నారు. ప్రయాణాల్లో అందర్నీ అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాను: మీరు చూసి, ఇంకెవరూ చూడని సినిమా ఏదైనా ఉందా?

"ఒకటుందండి. పేరు గుర్తులేదు, మూడు రోజులాడింది. ఊరికి కరెంటొచ్చే కథ. మొదటిసారి బల్బు వెలగ్గానే ఊరంతా పైకి చూస్తుందండి. ఒక ముసలావిడ మాత్రం స్విచ్చి వేసినోడి మొహంలోకి చూస్తుంది" అన్నారు. "మా మొహం ఎవరూ చూడరండి" అని నవ్వారు. ఆ సినిమా ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.

తెనాలిలో దిగి, స్టేషను బయట నాలుగిడ్లీలు తిని, కాలవ వంతెన దాటి నడుచుకుంటూ వెళ్ళాను. తొమ్మిదికి షాపు తీశారు. ఇప్పుడది సగం ఫోన్ కవర్ల కొట్టు. షాపాయన అప్పటికే టేపులోని సినిమాని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచారు. "చూసే తీసుకెళ్ళండమ్మా, తర్వాత బాగాలేదంటే నాకు మాటొస్తుంది" అని స్టూలు వేశారు.

సినిమా బాగుంది. బొమ్మ మీద గీతలున్నాయి, మధ్యలో ఒక పాట తెగిపోయింది, హాస్యం పేరుతో ఒకడు ఊరికే అరటితొక్క మీద జారుతుంటాడు. కానీ గౌరిగా వేసినావిడ లాంతరు వత్తి సవరించే తీరు చూడాలి, ఇంట్లో పిల్లకి తల దువ్వుతున్నట్టు ఉంటుంది. ఆఖరి సాయంత్రం వచ్చింది. గౌరి రేవులోకి వచ్చి లాంతరెత్తింది. నేను స్టూలు మీద ముందుకి జరిగాను. గౌరి లాంతరు ఎవరికీ ఇవ్వలేదు. దాంతోపాటే ఏట్లోకి నడిచింది, మోకాలు, నడుము, భుజాలు. లాంతరు కాసేపు నీళ్ళ మీద తేలి ఆరిపోయింది. దాని మీద 'శుభం' అని పడింది. ఏం శుభమో వాళ్ళకే తెలియాలి.

"ఇంకో రీలు ఉండాలి కదండీ?" అన్నాను.

"శుభం పడ్డాక ఇంకేముంటుందమ్మా?" అన్నారు షాపాయన జాలిగా.

ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని అత్తయ్యకి ఫోన్ చేశాను. "అత్తయ్యా, గౌరి బల్లకట్టెక్కలేదు."

అవతల ప్రెషర్ కుక్కరు కూత వినిపించింది. తర్వాత, "ఎక్కలేదే" అంది.

"మరి నువ్వు ఎక్కిందని చెప్పావుగా?"

"ఆ వారంలో ఫాతిమా రెండుసార్లు కాలవ గట్టున ఒక్కతే నిలబడి ఉంది. నేనే చూశాను. పిలిస్తే ఉలిక్కిపడింది. ఆ పిల్లని ఎదురుగా పెట్టుకుని, ఏట్లో దిగి చచ్చిపోయిందని ఎట్టా చెప్పమంటావు? రైల్లో వస్తున్నంతసేపూ ఆలోచించా, ఏం తోచలేదు. చెబుతూ చెబుతూ దాన్ని బల్లకట్టెక్కించేశాను."

"ఇడ్లీ కొట్టో?"

"ఆ రోజు పొద్దుట్నుంచీ నేనేం తినలేదుగా, ఆకలేసి ఉంటుంది" అంది. తర్వాత గొంతు మారింది. "పద్మా, దానికి చూపించొద్దు. పాడైపోయిందని చెప్పు. ఆ కథ నమ్ముకుని ఊరు దాటిన మనిషది. నేను అబద్ధమాడానని ఈ వయసులో తెలిస్తే దాని మనసేమైపోద్ది?"

పన్నెండు గంటలకి బాపట్ల వైపు రైలొచ్చింది. ఈసారి కిటికీ సీటు దొరికింది కానీ పొన్నూరు దాకా బయటికి చూసిన గుర్తు లేదు. మిషను బస్సెక్కించుకుని వెళ్ళిపోయిన రోజు పిన్ని మొహమే కళ్ళ ముందుంది. ఫోన్ చేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. నిజంగా భయమేసింది.

బాపట్ల స్టేషను బయట ఆటో అబ్బాయి "సూర్యలంక బీచికా మేడం?" అన్నాడు. టైలరు కొట్టుకి అంటే వాడికి నా మీద గౌరవం తగ్గిపోయింది. అయినా గుమ్మం దాకా దింపాడు.

పిన్ని అప్పటికే షట్టరు సగం దించి, బట్ట కత్తిరించే బల్ల మీద టీవీ పెట్టించి, రెండు కుర్చీలు వేసి ఉంచింది. కొత్త వాయిలు చీర కట్టుకుంది. సినిమాకి వెళ్ళే మనిషిలాగే ఉంది. ముందు అన్నం తినమంది. పలావు, గోంగూర పచ్చడి పెట్టింది.

"పిన్నీ, టేపు కాస్త పాడైంది. చివర రాదు" అన్నాను.

"వచ్చినంతే చూద్దాంలే" అంది.

చూశాం. బల్లకట్టు కనిపించినప్పుడల్లా పిన్ని మెడ చాచేది. గౌరి ఆఖరిసారి రేవులోకొచ్చి లాంతరెత్తగానే నేను ఆపేశాను. "అంతే పిన్నీ, ఇక్కడితో పోయింది."

పిన్ని నావైపు తిరిగి నవ్వింది. "నీకు అబద్ధం చెప్పడం రాదే. మీ అత్తకి వచ్చు."

పిన్ని కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "రాజ్యమక్క కథ చెప్పిన మూడో రోజు, దారపు రీళ్ళు కొనాలని మా అన్నతో చెప్పి తెనాలి వెళ్ళాను. ఆ పిల్ల బల్లకట్టెక్కడం నా కళ్ళతో చూడాలనిపించింది. చూస్తే ఏముంది, ఏట్లో దిగింది. హాల్లో లైట్లేశారు, అందరూ వెళ్ళిపోయారు, నేను కూర్చునే ఉన్నా. ముందు కోపమొచ్చింది. ఆ తర్వాత, అక్క ఎవరికోసం కథ మార్చింది అని ఆలోచించా. అరుగు మీద అంతమంది ఉన్నా, నాకోసమే. అప్పటిదాకా నేనేమైపోతే ఎవరిక్కావాలి అనుకునేదాన్ని. నేను బతకాలని ఒక మనిషి అంత అవస్థ పడిందా అనుకున్నా. రీళ్ళు కొనకుండానే రైలెక్కేశాను."

"మరి అత్తయ్యకి ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే చిన్నబుచ్చుకోదూ? నేను నమ్మాననుకుని సంతోషంగా ఉంది. ఉండనీలే అనుకున్నా." కళ్ళజోడు పెట్టుకుంది. "ఊఁ, పెట్టు. చివరిదాకా చూద్దాం."

గౌరి నీళ్ళలోకి నడుస్తుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. లాంతరు ఆరిపోయింది. "పాపం, ఈ పిల్లకి వీధిలో రాజ్యమక్క లేదు" అంది. నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బస్టాండుకి బయల్దేరేటప్పుడు గుమ్మంలో ఆపి, "చూశానని చెప్పు. ఆవిడ చెప్పినట్టే ఉందని చెప్పు" అంది.

నాలుగింటి బస్సు కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళుతుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కుని కూర్చోండి, దారి ఇట్టే గడిచిపోతుంది. వరి కోసిన మళ్ళలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. పక్కన కూర్చున్న అగ్రికల్చర్ కాలేజీ అమ్మాయి నా ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పింది. "ఎవరో కుర్రాళ్ళు తీసిన చిన్న సినిమా ఆంటీ. ఒక తాతయ్య మేకని అమ్మడానికి సంతకి తీసుకెళ్తాడు. ఎవరడిగినా రేటు పెంచేస్తుంటాడు, ఎవరూ కొనకుండా. అంతే కథ!" ఆ తాతయ్యని మా అత్తయ్యకి పరిచయం చేయాలనిపించింది.

దిగేసరికి ఆరు కావస్తోంది. అత్తయ్య అరుగు మీదే నిలబడి ఉంది, నా చేతిలోని సంచీ అందుకోవడం కూడా మర్చిపోయింది. "చూసిందా?"

"చివరిదాకా చూసింది. నువ్వు చెప్పినట్టే ఉందంది."

"నేను చెప్పినట్టే..." అంటూ ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. నెమ్మదిగా స్తంభం పక్కన కూర్చుంది, పిన్ని కూర్చునే చోట. "అయితే దానికి తెలుసా? ఎప్పట్నుంచే?"

"నువ్వు చెప్పిన మూడో రోజు నుంచి."

ముందు నవ్వింది, పొలమారేదాకా. "చూశావా దాన్ని! ఎంత గుంభనంగా ఉందో! పండగపండగకీ ఫోన్ చేసి, అక్కా, ఇడ్లీలు మెత్తగా వచ్చాయా అనడిగేది. నేనేమో నిజంగానే వంట సంగతి అడుగుతోందనుకున్నా" అంది. అంటూనే కొంగు మొహం మీదికి లాక్కుంది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

తెల్లారి లేచేసరికి వంటింట్లో ఆవిరి. నాకు తెనాలి రైలు వేళవుతోందని తొందర పడుతుంటే, అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని టిఫిన్ క్యారియరుతో బయటికొచ్చింది. "నిన్ను స్టేషను దగ్గర దింపి, అదే ఆటోలో బస్టాండుకి పోతా" అంది. మోకాళ్ళ నొప్పులని పెళ్ళిళ్ళకి కూడా కదలని మనిషి. ఫోన్ చేసి చెప్పావా అంటే, "చెబితే అది వంట మొదలెడుతుంది" అంది. మూత తీసి ఒక ఇడ్లీ తుంచి నా నోట్లో పెట్టి, "మెత్తగా వచ్చాయా?" అని అడిగింది. వచ్చాయి.

రేపల్లె నుంచి తెనాలి ప్యాసింజరు ప్రతి స్టేషన్లోనూ తీరుబడిగా ఆగుతుంది. ఆ రోజు నాకూ తొందరేం లేదు. తెనాలిలో రైలు మారి, విజయవాడ దగ్గర కృష్ణ వంతెన దాటుతుండగా బాపట్ల నుంచి ఒక ఫోటో వచ్చింది. కత్తిరింపు బల్ల మీద విప్పిన క్యారియరు, దానికి అటొకరు ఇటొకరు. ఇద్దరి నోళ్ళూ నిండుగా ఉన్నాయి. అది ఆదివారం కాబట్టి గుంపులో సినిమా చెప్పాల్సిన రోజు. చాలాసేపు చెరిపి రాసి, చివరికి ఇలా పంపాను.

'లాంతరు రేవు' దొరికింది. తప్పకుండా చూడండి. కానీ ఆఖర్న ఆ అమ్మాయి లాంతరెత్తగానే ఆపేయండి. మిగతా కథ మీరంటే ప్రాణం పెట్టే మనిషినెవరినైనా అడిగి చెప్పించుకోండి.