నూనె ఇసుక మీద చివరి దెబ్బ

మా ముత్తాతగారు నాగావళి ఒడ్డున కొన్ని ఊళ్ళకు జమీందారు. మా తాతగారు వాల్తేరులో దొరల సరసన నిలబడి గోల్ఫ్ ఆడినవారు. దావాల్లో భూములన్నీ పోయాక మా నాన్నగారు బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో గార్డుగా చేరారు. వెంట తెచ్చుకున్న ఆస్తి తాతగారి గోల్ఫ్ కర్రల సంచి ఒక్కటే.

మొన్న మా మనవరాలు ఫోనులో గోల్ఫ్ పోటీ చూస్తూ, "తాతా, పార్ అంటే ఏటి, బర్డీ అంటే ఏటి? కుఛ్ సమఝ్ మే నహీ ఆతా, ఏటీ అర్థం కాదు" అంది. బంతిని గుంటలో వేయడానికి ఇన్ని దెబ్బలని ముందే నిర్ణయిస్తారు, అది పార్. ఒకటి తగ్గితే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ అని చెప్పాను. మన రైలు బోగీయేనా అని నవ్వింది. మరి మల్లిగన్ ఏమిటంది. చెడిపోయిన దెబ్బను ఎదుటివారు లెక్కలోంచి తీసేసి, మళ్ళీ కొట్టుకోమని దయతలచడం అన్నాను. ఆ మాట చెబుతూనే నా నడుము తనంతట తాను నిటారైంది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో రైల్వే ఆఫీసర్లకు ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. ఈ ఎండలకు గుంటల చుట్టూ పచ్చిక నిలవదు కనుక, లోకో షెడ్డులో వాడేసిన నూనె కలిపిన ఇసుక పరిచేవారు. దాని మీద కొట్టేముందు, అడుగుల గుర్తులు పోయేలా దారి పొడవునా ఒక చెక్కను ఈడ్చి చదును చేసుకోవాలి. ఏటా జరిగే పోటీలో ఆఫీసరుతో సమంగా నిలిచిన చిన్న ఉద్యోగికి మాత్రం సభ్యత్వం ఇచ్చేవారు. తాతగారి కర్రలకు మళ్ళీ ఒక మైదానం దొరకాలని నేను పట్టుబట్టి పేరిచ్చాను.

మొదటి దెబ్బే పొదల్లోకి పోయింది. నాతో ఆడుతున్న పెద్ద ఆఫీసరు "మల్లిగన్ తీసుకోవోయ్" అని, పక్కవారి వైపు తిరిగి, "గార్డుగారబ్బాయికి ఆమాత్రం ఇవ్వొచ్చు" అన్నారు. వద్దని, పొదల్లోకి దిగి అక్కడినుంచే ఆడాను. పళ్ళు బిగబట్టి ఒక్కొక్క గుంటా సమం చేసుకుంటూ వచ్చి, చివరి గుంట దగ్గర జానెడు దూరంలో బంతిని నిలబెట్టాను. అది పడితే ఇద్దరం సమం. అంత దగ్గరిది కొట్టకుండానే పడినట్టు లెక్కవేసుకోమనడం ఆటలో మర్యాదే, దాన్ని గిమ్మీ అంటారు. ఆయన ఆ మర్యాదా చేశారు. అదీ వద్దన్నాను.

చెక్కను గుంట నుంచి బంతి వైపు లాగాలట. క్వార్టరు పెరట్లో నాన్నగారి దగ్గర నేర్చినవాణ్ని, పచ్చిక మీద ఆడిన వంశంవాణ్ని, నాకెవరు చెప్పారు? బంతి నుంచి గుంట వైపు తోశాను. గుంట అంచున సన్నటి ఇసుక గట్టు లేచింది. కొట్టిన బంతి దానికి ఆనుకుని ఆగిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్నగారికి కబురు చేరిపోయింది. ఆటెలా పోయిందని అడగలేదు.

"ఊరికే ఇచ్చింది ఏటైనా పుచ్చుకున్నావేట్రా?"

"లేదు నాన్నగారూ."

"అయితే భోంచెయ్యి. రేపట్నుంచి చెక్క లాగడం నేర్చుకుందాం" అన్నారు.

డ్యూటీ దిగి వచ్చిన ప్రతి సాయంత్రం పెరట్లో ఇసుక పోసి, పక్క క్వార్టర్లవాళ్ళు నవ్వుతున్నా, తండ్రీకొడుకులం చెక్క లాగాం. మరుసటి ఏడాది అదే ఆఫీసరుతో, అదే చివరి గుంటలో పార్ కొట్టి సమంగా నిలిచాను. సభ్యుల పలక మీద మా ఇంటిపేరు పూర్తిగా రాయించాను.

ఇప్పుడు ఆ మైదానం లేదు. డబ్బు కట్టినవారెవరైనా ఎక్కడైనా ఆడుకోవచ్చు, అది మంచిదే. కానీ వద్దనడానికి కూడా ఒక హోదా ఉండేదని మా మనవరాలికి ఎలా చెప్పను? చూపిద్దామంటే ఇంట్లో ఒక్క కర్రైనా లేదు. నాన్నగారు రిటైరై క్వార్టరు ఖాళీ చేసిన ఏడాది డబ్బవసరం పడి వాటిని సంచితో సహా ఆ ఆఫీసరుగారికే అమ్మేశాం, మేము చెప్పిన ధరకే.