రిలీవర్ రాని సైనికుడు

మనవడు సోఫాలో వాలి యుద్ధం సినిమా చూస్తున్నాడు. బంకర్‌లో ఒంటరిగా చిక్కుకున్న సైనికుణ్ణి చూసి, "అమ్మమ్మా, ఇతను భాగ్ క్యోఁ నహీ జాతా?" అంటాడు, ఎందుకు పారిపోడని. వీడికి చెబితే అర్థంకాదు గానీ, మీకు చెబుతాను.

భిలాయి స్టీలు ప్లాంటు క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి గుర్తుందా? తర్వాతి షిఫ్టు మనిషి, అదే మన రిలీవర్, రాకపోతే ఫర్నేస్ వదిలి కదలకూడదు. నా చిన్నప్పుడు ఓసారి, నైట్ డ్యూటీ దిగి తిన్నగా పవర్ హౌస్ బజారులోని సినిమా హాలుకి పొద్దుటాటకి వస్తానన్న నాన్న రాలేదు. ఆయన కుర్చీలో చేతిరుమాలు పరిచి అమ్మ కాపలా కాసింది. తెర మీద ఇలాంటి సైనికుడే బంకర్‌లో మిగిలిపోతే హాలంతా కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, ఇతనికీ రిలీవర్ రానేదేటి?" అని గట్టిగా అడిగేశాను. ముందు వరసవాళ్ళు నవ్వారు.

"నోర్మూసుకుని చూడే," అంది అమ్మ. తను మాత్రం తలుపు వైపే చూస్తోంది.

మధ్యాహ్నం రెండు దాటాక నాన్న ఇంటికొచ్చాడు. సినిమా చూపిస్తానని ఆయన్ని మంచం కిందకి లాగాను. మా బంకర్ అదే. నేను చెప్పే కథలో సైనికుడు బయటపడేలోగా నాన్న గురక మొదలైంది, బరువైన చెయ్యి నా మీద పడింది. ఊపిరాడలేదు, కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేపితే మళ్ళీ డ్యూటీకి పోతాడని, చీకటి పడేదాకా నేను కదల్లేదు.