వేలితో నడిపిన ప్రోగ్రాం

ముందే చెప్తున్న, నేను గోరంతను గోల్కొండంత చేసే మనిషిని.

నా దగ్గర కంప్యూటర్ సైన్స్ చదివిన ఒక అమ్మాయిది హైదరాబాద్ పాతబస్తీల శాలిబండ. వాళ్ల బాపు చీరల మీద మగ్గం పని చేస్తడు. క్లాసంతా కీబోర్డుల మీద వడగండ్ల వాన కురిపిస్తుంటే, ఈమె ప్రోగ్రాంను కాయిదం మీద పెన్సిల్‌తో రాసి, ఒక్కో లైను కింద వేలు జరుపుకుంట కూసునేది.

"ఎందుకమ్మా గీ లొల్లి?" అంటే, "మా బాపు ముందు కాయిదం మీద పువ్వు గీస్తడు సార్. బట్టలో సూది దిగినంక తప్పు దిద్దలేం," అనేది.

ఉద్యోగాలిచ్చేందుకు ఒక కంపెనీ మా కాలేజీకి వచ్చి ప్రోగ్రాం రాసే పరీక్ష పెట్టిన రోజు, అందరూ టకటక కొట్టి లేచిపోయిన్రు. ఈమె వేలింకా జరుగుతనే ఉంది. నా బీపీ చార్మినార్ కొస దాక ఎక్కింది.

"టైం అయిపోతోందమ్మా," అన్నడు కంపెనీ ఆయన.

"ప్రశ్న కింద మీరు నమూనాకిచ్చిన జవాబే తప్పు సార్," అని ఈమె కాయిదం జరిపింది.

ఆయన కూడా వేలు పెట్టి చదివిండు. రెండుసార్లు.

తర్వాత లేచి ఆమెకు సలాం కొట్టిండని ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెప్తుంట. ఆ సలాం నా కల్పన. నిజానికి ఆయన, "సోమవారమే చేరతావా?" అని అడిగిండు, అంతే.

"పరీక్షలున్నయ్ సార్, అయినంక వస్త," అన్నది.